మెడ పట్టేశాక నోరొచ్చింది

ఇల్లు మారడానికి సామాన్లు సర్దుతుంటే, స్టోర్ రూమ్‌లో పాత దుప్పట్ల అడుగు నుంచి మా అమ్మాయి నిత్య ఒక వస్తువును రెండు వేళ్ళతో పట్టుకుని బయటికి తెచ్చింది. లేత గోధుమరంగు గుడ్డ తొడిగిన స్పాంజి పట్టీ అది. "అమ్మా, వాట్ ఈజ్ దిస్? టాయ్‌లెట్ సీట్‌కి వేసే కవరా?" అంది. కాదు, ఒకప్పుడు నా మెడకి పెట్టుకున్న కాలర్ అన్నాను. "దీన్ని పెట్టుకుని ఆఫీసుకి కూడా వెళ్ళావా? ట్రెయిన్‌లో? అయ్యో, సో షేమ్‌ఫుల్ లా!" అని, ఇక్కడి సింగపూర్ పిల్లల అలవాటుగా చివర 'లా' తగిలించి, నా తరఫున తానే సిగ్గుపడింది. తర్వాత సరదాకి తన మెడకి చుట్టుకుంది. అరనిమిషం కూడా ఉంచుకోలేకపోయింది. మెడ వంగకపోతే చేతిలోని ఫోన్ కనబడదు మరి. విప్పి నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది. నేను అట్టపెట్టె మీద కూర్చుని దాన్ని వాసన చూశాను. ఇన్నేళ్ళయినా లోపలెక్కడో ఘాటైన నొప్పుల తైలం వాసన, దాని వెనక నూనెలో వేగిన బూరెల వాసన. నిజంగా ఉన్నాయో, నా ముక్కే కల్పించుకుందో తెలియదు కానీ, ఆ వాసనతో, ఒకప్పుడు నేనున్న బుకిట్ బటోక్ పేటలోని ఆ ఫ్లాటంతా లేచి వచ్చి నా ఎదుట నిలబడింది.

అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. కంప్యూటర్ కోర్సు చేసినవాళ్ళందర్నీ ఎవరో ఒకరు ఏదో ఒక విమానం ఎక్కిస్తున్న కాలం. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఏ ఏడో తెలియక తికమకపడతాయని, రెండంకెలతో రాసిన సంవత్సరాలన్నిటినీ నాలుగంకెలు చెయ్యాలని, అందుకు మనుషులు కావాలని పిలిచారు. తెనాలి నుంచి నేనూ వచ్చాను. ఆఫీసు రాఫెల్స్ ప్లేస్‌లో. ఉండడం అప్పారావు అంకుల్, రమణమ్మ ఆంటీల ఫ్లాట్‌లో, వంటింటి పక్క గదిలో. అంకుల్‌ది విశాఖపట్నం వైపు. నేను పలక పట్టకముందే ఇక్కడి షిప్‌యార్డ్‌లో ఇంజనీరుగా చేరిన మనిషి. ఇన్నేళ్ళ కాపురంలో ఆంటీ మాటల్లోకి తమిళమూ మలయ్ కూడా చుట్టాల్లా వచ్చి స్థిరపడ్డాయి. నేను సాయంత్రం తలుపు తీసేసరికి "మకాన్ అయిందా అమ్మా?" అనేవారు. భోజనం అయిందా అని. అయిందన్నా కాలేదన్నా ఒకటే, కంచం సిద్ధంగా ఉండేది.

పెద్ద పెద్ద ఓడల్ని బాగుచేసిన అంకుల్, ఇంట్లో బియ్యం బస్తాను నడుం వంచి ఎత్తబోయి నేలమీద పడ్డారట. వెన్నులో డిస్క్ జారింది. నెలల తరబడి మంచం మీద ఉండి లేచిన తర్వాత ఆయనకి వెన్నెముక తప్ప వేరే లోకం లేకుండా పోయింది. వాళ్ళ హాల్లో దేవుడి పటాల పక్కనే, కొక్కేనికి, మెడ నుంచి తోకదాకా ఉన్న ప్లాస్టిక్ వెన్నెముక ఒకటి వేలాడుతుండేది. డాక్టర్ల కాలేజీలకి అమ్మే దుకాణం వెతుక్కుని మరీ కొన్నారు. ఆంటీ ఒక శుక్రవారం పటాలన్నిటికీ బొట్లు పెడుతూ చెయ్యి ఆగక దానికీ ఒక బొట్టు పెట్టేశారు. తుడవడానికి అంకుల్‌కి ధైర్యం చాల్లేదు. పొద్దున నేను కాఫీ తాగే వేళకి ఆయన మడమలూ వీపూ తలా గోడకి ఆనించి నిటారుగా నిలబడి ఉండేవారు. కదలకుండా, గోడ మీది క్యాలెండర్‌లా, నాతో లోకాభిరామాయణం మాట్లాడేవారు. ఇంటికొచ్చిన వాళ్ళకి మంచినీళ్ళు ఆంటీ ఇచ్చేలోపు కుర్చీలో ఎలా కూర్చోవాలో అంకుల్ చెప్పేసేవారు. "ఏటండీ, అలా జారిపోతన్నారు? నడుం ఎనక్కి ఆనించండి!" అనేసరికి కొందరు భయపడి మళ్ళీ రాలేదు.

ఇక నా మెడ సంగతి. మా తెనాలి ఇంట్లో నోళ్ళకంటే మెడలే ఎక్కువ పనిచేసేవి. మా నాన్న తల అటూ ఇటూ మెత్తగా ఊగిస్తే సరేనని అర్థం. కాస్త తగ్గించి ఊగిస్తే చూద్దామని. ఒక పక్కకి వాల్చి అక్కడే ఆపేస్తే నీ ఖర్మ అని. కళ్ళు మూసుకుని ఊగిస్తే వద్దని, కానీ వద్దన్నట్టు మీ అమ్మతో చెప్పొద్దని. మాకెవరికీ ఎప్పుడూ పొరపాటు జరగలేదు. ఆ విద్యతో నేను సింగపూర్‌లో దిగి మిసెస్ లిమ్ కింద పడ్డాను. ఆవిడ మా ప్రాజెక్టుకి పెద్ద. పొట్టిగా, చురుగ్గా, చేతిలో ఎప్పుడూ చెక్కిన పెన్సిల్‌తో ఉండేది. ఆవిడకి భాషలో రెండే మాటలు కావాలి. ఏ పని గురించైనా "వసూ, క్యాన్ ఆర్ కెనాట్?" అనేది. నేను తల ఊగించేదాన్ని. ఆవిడ టేబుల్ ఫ్యాన్‌ని చూసినట్టు నా తలని కాసేపు అటూ ఇటూ చూసి, పెన్సిల్‌తో ఏదో రాసుకునేది. కష్టం, ఆలోచించాలి, మీరే ఏదో ఒకటి చెయ్యండి, ఇవన్నీ నేను మెడతో విన్నవించుకున్నాననే అనుకునేదాన్ని. ఆవిడ మాత్రం 'క్యాన్' అని రాసుకునేది. ఆ పనులన్నీ నేను ఆదివారాలు కూడా కూర్చుని చేసేదాన్ని.

కూర్చోవడం కూడా ఎలా కూర్చునేదాన్నని! అప్పటి కంప్యూటర్ తెర బియ్యం డబ్బా అంత ఉండేది. నా బల్ల మీద పట్టక ఎడమ పక్క ఇనప బీరువా మీద పెట్టారు. రోజంతా మెడ ఎడమకి తిప్పి, ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి పనిచేసేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు ట్రెయిన్‌లో నిద్ర. జురాంగ్ ఈస్ట్‌లో దిగి మరో ట్రెయిన్ మారాలి కాబట్టి అక్కడిదాకా నిద్ర, మారాక మళ్ళీ నిద్ర. నా తల పక్కవాళ్ళ భుజాల మీదికి ఒరిగిపోయేది. ఒక చైనా ముసలావిడ నన్ను లేపకుండా తన స్టేషన్ కూడా దాటిపోయిందని మెలకువొచ్చాక తెలిసింది. అంకుల్ నన్ను చూసినప్పుడల్లా "వసమ్మా, ఆ మెడ ఏదో రోజు ఎదురు తిరుగుతాదమ్మా" అని హెచ్చరించేవారు. నేను తల ఊగించేదాన్ని.

అది శ్రావణ శుక్రవారం. ఆంటీ తలంటుకుని, మడి కట్టుకుని, బూరెలు వేయిస్తున్నారు. నేను ఆఫీసుకి తయారై కుడికాలికి చెప్పు తొడుక్కుంటున్నాను. "వసూ, ప్రసాదం తినకుండా వెళ్ళకు!" అని వంటింట్లోంచి పిలిచారు. చటుక్కున వెనక్కి తిరిగాను. మెడలో ఏదో కలుక్కుమంది. అంతే, తల అక్కడే ఆగిపోయింది. ఎడమ భుజం వైపు చూస్తూ, ఒక కాలికి చెప్పుతో, కొంగలా నిలబడిపోయాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆంటీ, నా తల రావట్లేదు" అన్నాను. గోడకి అతుక్కుని ఉన్న అంకుల్ గోడని వదిలేసి వచ్చారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "మెడ పట్టీసిందేటి?" అన్నారు. ఇన్నేళ్ళకి ఇంట్లో తన వెన్ను కాకుండా ఇంకొకరిది చెడిందన్న సంతోషం ఆయన ఎంత దాచుకున్నా దాగలేదు.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, భుజాల చుట్టూ దిళ్ళు పేర్చి, అంకుల్ పాఠం మొదలుపెట్టారు. డబ్బాలోంచి చేగోడీలు తీసి పూలు కట్టే దారానికి వరసగా గుచ్చారు. "ఇవి ఎముకలు. మెడలో ఏడు. జిరాఫీకీ ఏడే, నీకూ ఏడే. ఈ దారం లేదూ, ఇది వెన్నుపాము. మెదడు సెప్పిన కబుర్లన్నీ దీన్లోంచే కిందకి ఎల్తాయి." తర్వాత ఆయన చూపు వంటింటి వైపు తిరిగింది. "ఎముకకీ ఎముకకీ మధ్యన డిస్కుంటాదమ్మా. అచ్చం పూర్ణం బూరె. పైన గట్టి తొడుగు, లోపల మెత్తటి పూర్ణం. నువ్వు వంకరగా కూకుని కూకుని ఒక పక్కే నొక్కితే, రెండో పక్కనుంచి పూర్ణం బయటికి తన్నుకొస్తాది. ఆ పూర్ణం ఎల్లి నరాన్ని ఒత్తిందనుకో, చెయ్యంతా జివ్వుమంటాది. రమణా, రెండు బూరెలు ఇలా ఇయ్యి, సూపిస్తాను!"

"నైవేద్యం కాకుండా బూరె ముట్టుకుంటే మీ డిస్కులన్నీ నేనే జార్చేస్తాను" అన్నారు ఆంటీ వంటింట్లోంచి. పాఠం అక్కడితో ఆగింది.

ఆంటీకి చేగోడీల మీద నమ్మకం లేదు. ఆవిడ వైద్యం వేరు. ముందు నా దిండుని తీసుకెళ్ళి కిటికీ బయట బట్టల కర్రకి ఎండలో కట్టారు. దిండు పట్టేస్తే మెడ పట్టేస్తుందట. తర్వాత తైలం. తర్వాత ఉప్పు వేయించి మూటగట్టి కాపడం. ఏదీ పనిచేయకపోయేసరికి ఫోన్ దగ్గర కూర్చున్నారు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు కాలితో తాకితే పట్టు వదులుతుందని మనవైపు ఒక నమ్మకం ఉంది కదా. సింగపూర్‌లో ఎదురుకాళ్ళతో పుట్టిన తెలుగువాళ్ళు ఎవరున్నారో కనుక్కోవడానికి ఆంటీ తెలిసిన ఇళ్ళన్నిటికీ ఫోన్లు చేశారు. "బాగున్నారా వదినా? మీవారు పుట్టినప్పుడు తల ముందొచ్చిందా, కాళ్ళు ముందొచ్చాయా?" అని అడుగుతుంటే, నేను నవ్వబోయి నొప్పితో కెవ్వుమన్నాను.

చివరికి ఒకడు దొరికాడు. ఓబులేసు అని, కర్నూలు జిల్లావాడు, బ్యాంకు ఆఫీసర్, ఉండేది జురాంగ్ ఈస్ట్‌లో. పెద్దావిడ పిలిచింది, ఏం ఉపద్రవమోనని, ఆఫీసుకి వెళ్ళబోతున్నవాడు ట్యాక్సీలో వచ్చాడు. తెల్ల చొక్కా, ఎర్ర టై. విషయం విన్నాక మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. "నేను ఎదురుకాళ్ళతో పుట్టినానని మీకెట్ల తెలిసె ఆంటీ? మా ఇంట్ల కూడా అందరికీ తెలీదే" అన్నాడు.

"మీ పిన్ని చెప్పింది. మేజోళ్ళు విప్పు నాయనా."

అంకుల్ అడ్డంగా వచ్చి రెండు చేతులూ చాచి నిలబడ్డారు. "మెడ మీద కాలు పెడతానంటే నేనొప్పుకోను! మెడంటే ఏటనుకున్నావు? మెదడుకెళ్ళే రక్తం దీన్లోంచే ఎల్తాది. తొక్కడాలు, తిప్పడాలు, ఇరవడాలు, ఏటీ పనికిరావు. ముందు డాక్టరు సూడాలి."

"పిల్ల ఏడుస్తూంటే మీ చేగోడీల దండ వేసుకుని కూర్చోమంటారా?"

ఇద్దరూ వాదించుకున్నారు. ఒక మేజోడు విప్పి చేత్తో పట్టుకున్న ఓబులేసు ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు తల తిప్పుతున్నాడు. అతని మెడ ఎంత హాయిగా తిరుగుతోందోనని నాకు అసూయ పుట్టింది. చివరికి అంకుల్ మాటే నెగ్గింది. కానీ అంత దూరం నుంచి వచ్చినవాడిని ఊరికే పంపడం ఆంటీకి మనసొప్పలేదు. తనకి ఎన్నాళ్ళుగానో నడుం నొప్పి ఉందని చెప్పి, చాప పరుచుకుని బోర్లా పడుకున్నారు. ఓబులేసు చెమటలు కక్కుతూ, ముందు ఆవిడ పాదాలకి దణ్ణం పెట్టి, "తప్పైపోయింది ఆంటీ, క్షమించండి" అని, బొటనవేలితో నడుం మీద సీతాకోకచిలక వాలినంత తేలిగ్గా తాకి, మళ్ళీ పాదాలకి దణ్ణం పెట్టాడు. ఆంటీ లేచి "ఆహా, ఎంత హాయిగా ఉందో" అన్నారు. అతనికి బూరెలు పొట్లం కట్టిచ్చారు. ఆ తర్వాత చాలాకాలం మా వైపు ఎవరింట్లో ఏ వేడుక జరిగినా ఓబులేసు రాలేదు. వస్తే ముసలమ్మలందరూ చాపలు పరుస్తారని భయపడి ఉంటాడు.

మా బ్లాకు కిందే క్లినిక్ ఉండేది. అంకుల్ నన్ను గాజుబొమ్మలా లిఫ్టులో దింపి తీసుకెళ్ళారు. వయసు మళ్ళిన చైనా డాక్టర్. చేతులు తిమ్మిరెక్కుతున్నాయా అని అడిగి, నా వేళ్ళతో తన వేళ్ళు గట్టిగా పట్టుకోమని, మోచేతుల మీద చిన్న సుత్తితో కొట్టి చూశాడు. తర్వాత మెడ పక్కన ఒకచోట నొక్కాడు. నేను అరిచాను. అతను తృప్తిగా తలాడించి, కండరం బిగుసుకుపోయింది, అంతే అన్నాడు.

"డిస్కు?" అన్నారు అంకుల్.

"డిస్క్ ఓకే."

"ఒక్కటి కూడానా?"

"ఆల్ ఓకే, అంకుల్."

అంకుల్ ముఖం చిన్నబోయింది. డాక్టర్ ఆ స్పాంజి కాలర్ నా మెడకి చుట్టి, నొప్పి మరీ ఎక్కువగా ఉన్న రెండు మూడు రోజులే పెట్టుకోమన్నాడు. ఎక్కువకాలం ఉంచితే కండరాలు సోమరితనం నేర్చుకుంటాయి, నొప్పి తగ్గగానే మెల్లగా కదపడమే మందు, చెయ్యి తిమ్మిరెక్కినా పట్టు తప్పినా ఆలస్యం చెయ్యకుండా రావాలి అన్నాడు. తిరిగి లిఫ్టెక్కాక అంకుల్ నన్ను ఓదారుస్తున్నట్టు "పర్లేదులే వసమ్మా, కండరం కూడా చిన్న విషయమేటి కాదు" అన్నారు.

సోమవారం కాలర్‌తోనే ఆఫీసుకి వెళ్ళాను. ట్రెయిన్‌లో అందరూ లేచి చోటిచ్చారు. ఆఫీసులో ఆ రోజు పెద్ద మీటింగ్. ఒక బ్యాంకుకి మేము చేస్తున్న పని ఆ నెలాఖరుకి అప్పగించాలని పైవాళ్ళ ఒత్తిడి. నాకు తెలిసిన నిజమేమిటంటే, ఆ వచ్చే రెండువేల సంవత్సరంలో ఫిబ్రవరికి ఇరవైతొమ్మిదో రోజు ఉంటుందన్న సంగతి మా ప్రోగ్రాములకి ఇంకా తెలియదు. అలాగే ఇచ్చేస్తే వడ్డీలన్నీ తప్పుతాయి. ఈ సంగతి నేను మిసెస్ లిమ్‌కి అంతకుముందే రెండుసార్లు విన్నవించాను, మెడతో. ఆవిడ రెండుసార్లూ 'క్యాన్' అని రాసుకుంది. నా వర్క్ పాస్ పొడిగించమని రాయాల్సిందీ ఆవిడే. కాదంటే ఇంటికి పంపేస్తుందేమోనని నా భయం.

గది నిండా జనం. మిసెస్ లిమ్ పెన్సిల్ నా వైపు తిప్పింది. "వసూ, మంత్ ఎండ్. క్యాన్ ఆర్ కెనాట్?"

నా మెడ అలవాటుగా బయల్దేరింది. కాలర్ ఆపేసింది. గడ్డం స్పాంజిలో కూరుకుని ఎటూ కదల్లేదు. ఇంకోసారి ప్రయత్నించాను. కళ్ళు మాత్రం అటూ ఇటూ తిరిగాయట, దెయ్యం పట్టిందేమో అనుకున్నానని పక్కనున్న అమ్మాయి తర్వాత చెప్పింది. అందరూ చూస్తున్నారు. మెడ దారి మూసుకుపోతే మాటకి నోరొక్కటే దారి. పుట్టి బుద్ధెరిగాక పెద్దవాళ్ళెవరి ముందూ అనని మాట నా నోట్లోంచి వచ్చింది.

"కెనాట్."

పెన్సిల్ ఆగింది. "వై?"

చెప్పాను. ఫిబ్రవరి సంగతి, వడ్డీల సంగతి, ఇంకా చూడాల్సినవన్నీ. నా గొంతు అంతసేపు ఆ గదిలో వినబడడం అదే మొదటిసారి. "మరి ఎప్పటికి అవుతుంది?" అంది. ఇంకో నెల పడుతుందన్నాను. ఆవిడ నన్ను తేరిపార చూసి, "ముందే ఎందుకు చెప్పలేదు?" అంది.

"చెప్పాను మేడమ్. రెండుసార్లు తల ఊపాను."

మిసెస్ లిమ్ కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత అందరి ముందూ తన తలని అటూ ఇటూ ఊపి, "ఇదా? ఇది నోనా? నేను ఇన్నాళ్ళూ ఇది యెస్ అనుకున్నాను లా!" అంది. ఆవిడ ఊపిన తీరు మా నాన్నగారి 'నీ ఖర్మ'కి దగ్గరగా ఉంది. గదిలో నవ్వులు మొదలయ్యాయి. ఆవిడ నవ్వలేదు. ఫోన్ తీసి అప్పటికప్పుడు బ్యాంకువాళ్ళకి ఇంకో నెల కావాలని చెప్పింది. అటువైపు వాళ్ళు అరిచారు. ఆవిడ ఇంకా గట్టిగా అరిచింది. నెల దొరికింది. ఆ సాయంత్రం వెళ్ళేటప్పుడు నా బల్ల దగ్గర ఆగి, కంప్యూటర్ తెరని ఎవరు ఇలా పక్కన పెట్టారని తిట్టి, బీరువా మీంచి దింపించి నా ఎదుట పెట్టించింది.

కాలర్ రుచి మరిగాను. నొప్పి పూర్తిగా పోయాక కూడా సంచిలో పెట్టుకెళ్ళి, మీటింగుకి ముందు మెట్ల దగ్గర తగిలించుకునేదాన్ని. అది మెడకి ఉంటే 'కెనాట్' అనే ధైర్యం వచ్చేది. ఇంట్లో మాత్రం ఈ కొత్త నోటితో చిక్కొచ్చింది. "ఇంకో దోశ వెయ్యనా?" అంటే "వద్దు ఆంటీ" అన్నాను. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయారు. "ఏం, బాగాలేదా?" తల ఊపి ఉంటే, ఇంకోటి వేసేవారు, నేను తినేదాన్ని, ఇద్దరం సుఖంగా ఉండేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం రాఫెల్స్ ప్లేస్ దగ్గరి హాకర్ సెంటర్‌కి తిండికి వెళ్ళాను. అక్కడ బల్ల దొరకడం కష్టం. ముందు ఏదో ఒక వస్తువు బల్ల మీద పడేసి 'చోప్' చేసుకుని, అంటే ఇది నాదని గుర్తు పెట్టుకుని, తర్వాత తిండి తెచ్చుకోవాలి. అందరూ టిష్యూ పొట్లం పెడతారు. నా దగ్గర లేదు. సంచిలో చేతికందిన కాలర్ పెట్టి వెళ్ళాను. నూడుల్స్ పళ్ళెంతో తిరిగొచ్చేసరికి ఆ బల్ల దగ్గర మిసెస్ లిమ్ కూర్చుని కాలర్‌ని తిప్పి తిప్పి చూస్తోంది.

"మెడ బాగైపోయిందా?" అంది.

నా తల దానంతటదే ఊగింది, హాయిగా, నూనె రాసిన తలుపులా. ఇక అబద్ధమాడే వీల్లేదు. కాలర్ ఉంటే కాదని చెప్పడం సులువుగా ఉంటుంది మేడమ్, అందుకే పెట్టుకుంటున్నానని చెప్పేశాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆవిడ నా పళ్ళెం పక్కకి జరిపి, "నేర్పించు" అంది.

"ఏమిటి మేడమ్?"

"తల. యెస్ కాదు, నో కాదు, ఆ మధ్యది."

హాకర్ సెంటర్ మధ్యలో, చుట్టూ జనం చూస్తుండగా, మిసెస్ లిమ్‌కి నేను తెనాలి విద్య నేర్పాను. మొదట మెడంతా గుమ్మడికాయలా దొర్లించింది. గడ్డం కాదు మేడమ్, చెవి భుజం వైపు వెళ్ళాలి అని సరిచేశాను. మరుసటి వారం పెద్ద డైరెక్టర్ వచ్చి ఇంకేదో పని శుక్రవారానికల్లా అవుతుందా అని ఆవిణ్ణి అడిగాడు. మిసెస్ లిమ్ అతని కళ్ళలోకి చూస్తూ తల మెత్తగా ఊపింది. డైరెక్టర్ "గుడ్, గుడ్" అని వెళ్ళిపోయాడు. శుక్రవారం వచ్చి ఏదని అడిగితే, "నేను క్యాన్ అనలేదే" అంది. నా వర్క్ పాస్ ఆ నెలలోనే పొడిగించారు.

ఇదంతా ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పటి పిల్లలకి ఈ బాధ లేదు. నిత్య ఎవరితోనైనా "కెనాట్ లా" అని ముఖం మీదే చెప్పి హాయిగా నిద్రపోతుంది. అయినా దాని మెడా నొప్పే. ఫోన్ మీదికి వంగి వంగి, ఇరవై ఏళ్ళు దాటకుండానే ఫిజియోథెరపీకి వెళ్తోంది. అక్కడ చూపించే కసరత్తులు అప్పారావు అంకుల్ గోడ దగ్గర చేసినవే. ట్రెయిన్‌లో చూస్తుంటాను, అన్ని మెడలూ ఒకే వైపు, కిందికి. ఎవరి తలా ఎవరి భుజం మీదా పడడం లేదు. మెడలకి అదే మంచిదేమో. ఆ చైనా ముసలావిడ భుజం ఎంత మెత్తగా ఉండేదో మాత్రం నాకు గుర్తుంది.

అంకుల్ పోయి కొన్నేళ్ళయింది. చివరిదాకా నిటారుగానే ఉన్నారు. ఆంటీ అదే బుకిట్ బటోక్‌లో ఉన్నారు, చెవులు బొత్తిగా వినబడవు. యంత్రం పెట్టుకోమంటే గోలగా ఉందని తీసేస్తారు. మొన్న నిత్యని తీసుకుని చూడ్డానికి వెళ్ళాను. ఆంటీ గడ్డం కొంచెం పైకెత్తారు. బాగున్నావా అని. నేను తల ఊపాను. ఆవిడ నిత్య వైపు చూసి, నా వైపు చూసి, మెడ ఒక పక్కకి వాల్చారు. ఇంత ఎదిగిపోయిందా అని. నేను కళ్ళు మూసి తెరిచి ఊపాను, అవునని. తర్వాత ఆవిడ అంకుల్ నిలబడే గోడ వైపు చూసి తల నెమ్మదిగా, చాలా నెమ్మదిగా ఊపారు. నేనూ ఊపాను. అలా చాలాసేపు కూర్చున్నాం. బయల్దేరుతుంటే తలుపు దగ్గర ఆవిడ మళ్ళీ గడ్డం ఎత్తారు. నేను జవాబిచ్చి వచ్చేశాను.

లిఫ్టులో నిత్య ఉండబట్టలేక అడిగింది. "అమ్మా, ఆంటీ లాస్ట్‌లో ఏం అడిగింది?"

"మళ్ళీ ఎప్పుడొస్తారని."

"నువ్వేం చెప్పావ్?"

"ఆదివారం నువ్వూ నేనూ వస్తామని."

"వేర్ గాట్? ఎక్కడ చెప్పావ్? నువ్వు నోరే తెరవలేదు! తల ఊపితే సండే అని ఎలా తెలుస్తుంది?" అని దారంతా నాతో వాదించింది.

ఆదివారం వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. బల్ల మీద మూడు కాఫీ గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి.